మూడో ప్రకటనకి మిగిలిన పేరు

పోయిన వారం మనం ఎవాంజెలిన్‌ని ల్యాబు మెట్ల మీద, చేతిలో ఫోనుతో, ముఖం మాడ్చుకుని కూర్చున్నదాన్ని అలాగే వదిలేసి వచ్చేశాం. ఈ వారం పత్రిక కొత్తగా చేతికి తీసుకున్నవాళ్లు ఎవరీ పిల్ల, ఏమిటా మాడ్చుకోవడం అని అడుగుతారు కాబట్టి నాలుగు మాటల్లో చెప్పేస్తాను.

ఇందుకూరుపేటలో రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది ఎవాంజెలిన్. ఆ గుంటల నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు బిగించి, పాడైతే బాగుచేసే సుశీల్ కుమార్‌తో ఆమెకి ప్రధానం అయిపోయింది. సుశీల్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, పాడతాడు, పాడిందల్లా ఇన్‌స్టాలో పెడతాడు. నలుగురూ నీ పాట వినాలంటే ముందు నువ్వు నలుగురిని ఫాలో అవ్వాలని ఎవరో మహానుభావుడు చెప్తే, ఆ నలుగురు కాస్తా రెండువేల ఎనిమిది వందల నలభై ఆరుమంది అయ్యారు. అందులో ముప్పాతిక మంది ఆడవాళ్లు. ఊరికే అనడం లేదు, ఎవాంజెలిన్ కూర్చుని లెక్కపెట్టింది. గాజు పళ్లెంలో సూదిమొనంత చుక్కల్ని రోజంతా లెక్కపెట్టి గుంటకి తెగులు ఉందో లేదో చెప్పే పిల్లకి ఇదొక లెక్కా!

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మూడో ప్రకటన లోపల ఆ ఆడవాళ్లందరినీ తీసెయ్యి, లేదంటే అభ్యంతరం నేనే చెప్తాను అంది ఎవాంజెలిన్. సుశీల్ నవ్వి సరేనన్నాడు. రెండు ప్రకటనలు అయిపోయాయి. రేపు ఆదివారం మూడోది. అతడి ఖాతాలో ‘ఫాలోయింగ్’ అన్న మాట పైన అంకె గురువారం నుంచీ 1,911 దగ్గర కదలకుండా కూర్చుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. అది మీకూ నాకూ ఎవాంజెలిన్‌కీ తప్ప మరో ప్రాణికి తెలియదు. అన్ని వందల ఆడవాళ్లలో ఒకతె అసలు లోకంలోనే లేదు. దాని పేరు సింధు. రెండు నెలల కింద, సంబంధం మాటలు అవుతున్న రోజుల్లో, భోజనాల వేళ ల్యాబులో కూర్చుని ఎవాంజెలినే దాన్ని పుట్టించింది. రెండేళ్ల నాడు చర్చి యూత్ వాళ్లంతా మైపాడు బీచికి వెళ్లినప్పుడు తీసిన ఫోటో ఒకటి ఆమె ఫోనులో ఉంది. ముందు తను, వెనక దూరంగా ఎవరో పిల్ల పసుపు గొడుగు వేసుకుని సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. తనని కత్తిరించేసి ఆ వీపునీ గొడుగునీ ఉంచుకుంది. ఆ ఫోటోతో సింధు సుశీల్ పాట బాగుందని రాసింది. అతడు ‘వందనాలు సిస్టర్, మీది ఏ ఊరు’ అన్నాడు. బల్ల మీద పరీక్షకి వచ్చిన నీళ్ల సీసా ఉంటే దాని చీటీ చూసి ‘వాకాడు’ అని రాసింది సింధు. అతడు మరి మాట్లాడలేదు గాని, ఆ సాయంత్రమే ఫాలో అయ్యాడు. నోరు జారితే పట్టుకుందామని వలేసి కూర్చున్నదానికి, జారకపోవడం కూడా ఒక బాధే అయింది.

ఇక కథలోకి పోదాం.

శనివారం పదకొండు గంటలకి ఎవాంజెలిన్ స్కూటీకి ఖాళీ సీసాల సంచి తగిలించుకుని మైపాడు దారిలో పద్మనాభయ్య గుంటల దగ్గరికి బయల్దేరింది. నీళ్లు తెచ్చే పని ఆమెది కాదు. తెచ్చే మనిషి వేరే ఉన్నాడు. ఆ సంగతి పద్మనాభయ్యకి తెలుసు. రైతు గట్టు మీద తువ్వాలు తలకి చుట్టుకుని నిలబడి, ఆమె సీసాలు దించుతుంటే చూసి అడిగాడు.

“ఏమ్మా, నీళ్లకొచ్చినావా, మనిషికొచ్చినావా?”

“రెండిటికీ అంకుల్.”

“మనిషి మూడో గుంట కాడ ఉండాడు. మోటారు బిగించేదాకా తిట్టబాక తల్లా, నా రొయ్యలకి గాలి ఆడాల.” ఆయన నవ్వుకుంటూ షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

సుశీల్ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, గట్టు మీదికి లాగిన ఏరేటరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు. ఆమెని చూడగానే ముఖం విప్పారింది. ఆ విప్పారడం చూసి ఎవాంజెలిన్ గుండె ఒక్క క్షణం మెత్తబడింది. ఇదే ముఖం వేసుకుని వీడు ఎందరి ఫోటోలు చూశాడో అనుకోగానే ఆ మెత్తదనం కాస్తా ఎగిరిపోయింది. అసూయ అంటే అంతే మరి. ఎదురుగా ఉన్న మనిషిని కూడా సుఖంగా చూడనివ్వదు.

“అంకె ఎందుకు కదలలేదు?” అంది.

“ఏ అంకె?”

“నాతో పరాచికాలాడబాక సుశీలూ. గురువారం నించి పందొమ్మిది వందల పదకొండే ఉండాది.”

“అదా. ఇన్‌స్టా ఆపేసింది ఎవా. గబగబా తీసేస్తా ఉంటే, తీసేది మనిషి కాదు మిషను అనుకుంటాదంట. పూటకి ఇన్ని అని లోపల ఒక లెక్క పెట్టుకోని ఉంటాది. దాటినామంటే చెయ్యి కట్టేస్తాది.”

“ఎన్ని అని?”

“అది చెప్పదు.”

“చెప్పకపోతే నువ్వెట్టా దాటినావు?”

“దాటినాకనే గదా తెలిసేది.”

మీరే చెప్పండి, పెళ్లి కావలసిన ఆడపిల్లకి ఈ మాట విని నమ్మకం కుదురుతుందా? తప్పించుకోవడానికి ఇంతకంటే నున్నటి మాట ఇంకోటి ఉండదనిపించింది ఎవాంజెలిన్‌కి. సీసాల సంచి గట్టు మీద పెట్టేసింది.

“వాళ్లని చేర్చుకునేటప్పుడు ఆపలేదే నీ ఇన్‌స్టా?”

“అప్పుడూ ఆపింది. అంతమందిని చేర్చేదానికి ఆరు నెల్లు పట్టింది నాకు.”

పాపం సుశీల్. నిజం చెప్పాడు. ఎప్పుడు చెప్పకూడదో అప్పుడు చెప్పాడు.

“ఆరు నెల్లు,” అంది ఎవాంజెలిన్. “అంటే ఆరు నెల్లు కూర్చోని ఒక్కొక్కదాన్నీ ఏరుకున్నావు. తీసేదానికి మాత్రం పూటకింతని లెక్క వచ్చిందా. ఫోను ఇట్టా ఇయ్యి.”

అతడు చొక్కా జేబులోంచి రెండు వేళ్లతో ఫోను తీసి, గ్రీజు అంటకుండా ఆమెకి ఇచ్చాడు. మారుమాట లేకుండా ఇచ్చినందుకు కూడా ఆమెకి కోపమే వచ్చింది. దాచుకోవలసినవాడు ఇంత సులభంగా ఇస్తాడా, ఇచ్చాడంటే ముందే అన్నీ సర్దేసుకుని ఉంటాడు. అసూయపడేవాళ్ల తర్కానికి అడ్డూ ఆపూ ఉండదు. ఇస్తే ఒక తప్పు, ఇవ్వకపోతే ఇంకో తప్పు.

జాబితా తెరిచింది. వరసగా తీసుకుంటూ పోతే బాగుండేది. కాని ఎవాంజెలిన్ వరస చూడలేదు, అందం చూసింది. జాబితా నడిమధ్యకి పోయి, ముందు జుట్టు విరబోసుకున్నవాళ్లని తీసింది. తర్వాత కళ్లకి కాటుక మరీ ఎక్కువైనవాళ్లని తీసింది. కోవూరులో కీర్తనలు పాడే పిల్లనీ, గూడూరులో చీరలు కట్టి తిరిగి చూపించే ఆవిడనీ తీసింది. పచ్చళ్లు పెట్టే ఒక ముసలావిడని ముందు వదిలేసి, ఆవిడ పక్కన మనవరాలు నిలబడి ఉండటం చూసి వెనక్కి వచ్చి మరీ తీసింది.

“నెమ్మదిగా నొక్కు ఎవా,” అన్నాడు సుశీల్. “ఒకటి నొక్కి కాసేపు ఆగు. రెండు రోజులు ముట్టుకోకుండా పెట్టినా. ఇవాళే వదిలింది. మళ్లా పట్టేస్తాది.”

“పోతా ఉండారని బాధగా ఉండాదా?”

“నీకెట్టా చెప్పాలబ్బా. నువ్వు గట్టిగా నొక్కేకొద్దీ అది...”

“నా వేలు, నా ఇష్టం.”

ముప్పై ఏడు. ముప్పై ఎనిమిదో పేరు మీద వేలు పెట్టగానే తెర మధ్యలో తెల్లటి పలక వచ్చి నిలబడింది. తర్వాత మళ్లీ ప్రయత్నించండి అని. ఎవాంజెలిన్ దాన్ని తోసేసి మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చింది. ఇంకో పేరు మీద నొక్కింది. మళ్లీ అదే పలక. ఆరుసార్లు నొక్కింది, ఆరుసార్లూ వచ్చింది.

గట్టు మీద ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“ఇప్పుడు నమ్మినావా?” అన్నాడు సుశీల్. అందులో ఎత్తిపొడుపు లేదు. అతడికి ఎత్తిపొడవడం చేతకాదు, అదే వచ్చిన చిక్కు.

నమ్మింది. నిజం చెప్పాలంటే, నమ్మగానే ఆమెకి ఏడుపొచ్చింది. రెండు వారాలుగా ఇతడు పగలంతా ఈ బురదలో మోటార్లు మోసి, సాయంత్రాలు ఆ యాప్ ఎప్పుడు వదులుతుందా అని కాచుకుని, తన కోసం ఒక్కొక్క పేరూ తీసుకుంటూ వచ్చాడు. తొమ్మిది వందల పైచిలుకు పేర్లు. తనేమో ల్యాబులో కూర్చుని అబద్ధాలకోరు అని పళ్లు నూరుకుంది. నా బుద్ధి కాల్చనా అనుకుంది. ఈ సాయంత్రమే ఆ సింధు పీడ వదిలించేయాలి, ఖాతా మొత్తం చెరిపేయాలి, ఇతడికి ఎప్పటికీ తెలియనివ్వకూడదు అని కూడా అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

“ఏ వరసలో తీస్తా ఉండావు?” అని అడిగింది, గొంతు మెత్తగా చేసుకుని. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగిందే తప్ప అందులో వేరే ఉద్దేశం లేదు.

“కొత్తోళ్ల దగ్గర్నించి. పైనించి కిందికి.”

ఆమె వేలితో జాబితాని మొదటికి లాగింది. కొత్తవాళ్లు పైన ఉంటారు. ఈ ఏడాది చేరిన ఆడవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ పోయారు. మగవాళ్లని వదిలేస్తే ఇప్పుడు పైన ఉండాల్సింది నిరుడు చేరినవాళ్లు. వాళ్లూ ఉన్నారు, రెండో పేరు నుంచి.

మొదటి పేరు సింధు. పసుపు గొడుగు, సముద్రం వైపు తిరిగిన వీపు.

ఎవాంజెలిన్ ఆ పేరుని ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. దానికి ముందు చేరినవాళ్లు పోయారు, తర్వాత చేరినవాళ్లు పోయారు. నడుమ అది ఒక్కటే మిగిలింది. పొరపాటున జారిపోయిందనుకోవడానికి వీల్లేదు. రెండు వారాలుగా ఇతడు జాబితా తెరిచిన ప్రతిసారీ అందరికంటే ముందు కనబడింది ఆ వీపే. దాన్ని దాటుకునే కిందికి వెళ్లాడు.

“ఈ సింధు ఎవరు?” అంది.

సుశీల్ ఏరేటరు మీదికి వంగాడు. అప్పటికే బిగిసి ఉన్న బోల్టుని మళ్లీ బిగించాడు.

“ఎవరో. పాటలు వింటాది. మిస్సయినట్టుండాది.”

ఒక మనిషి అబద్ధం ఆడుతుంటే ఆ అబద్ధాన్ని మీరే తయారుచేసి ఇచ్చారనుకోండి, ఎలా ఉంటుంది? ఎవాంజెలిన్‌కి అలా ఉంది. సింధు లేదు. సింధు వేళ్లు తన వేళ్లు. అయినా దాన్ని జుట్టు పట్టి ఈడ్చి ఈ గుంటలో ముంచాలనిపించింది. తను రాసిన మాటకి, తను కత్తిరించిన ఫోటోకి, తనలో లేనిదేదో అతడికి కనబడింది. ఏమిటది? ఆ వీపులో ఏముంది, ఈ ముఖంలో లేనిది?

ఆ పేరు పక్కన వేలు పెట్టి నొక్కింది. తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

నొక్కింది. తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

అప్పుడు అర్థమైంది ఆమెకి తను చేసిన నిర్వాకం. ఉన్న ముప్పై ఏడు నొక్కుళ్లనీ జుట్టు విరబోసుకున్నవాళ్ల మీదా, పచ్చళ్ల ముసలావిడ మీదా తగలేసింది. మొదటి నొక్కు దీని మీద పడి ఉంటే ఈపాటికి పోయి ఉండేది. తలెత్తి చూసేసరికి సుశీల్ ఆమె వేలి వంకే చూస్తున్నాడు. పలక రావడం చూసి అతడు ఊపిరి వదిలాడు. ఎవాంజెలిన్ ఆ ఊపిరి విన్నది.

ఫోను అతడి జేబులో తనే పెట్టింది.

“మిగతావాళ్లని పెళ్లిలోపల తీసుకో, పెళ్లయినాక తీసుకో, నేనడగను,” అంది. “ఈ ఒక్కటి మాత్రం రేపు ప్రకటన చదివేలోపల పోవాల.”

“బ్లాకు వదలాల గదా ఎవా.”

“వదిలితే తీస్తావా?”

“తీస్తా.”

“తీయకపోతే లేచి నిలబడతా. చెప్తా ఉండా.”

ఈసారి సుశీల్ నవ్వలేదు. ఎవాంజెలిన్ సీసాలు నింపకుండానే స్కూటీ తిప్పింది. షెడ్డు దగ్గర పద్మనాభయ్య, “నీళ్లు మరిచిపోయినావమ్మా,” అంటూనే ఉన్నాడు.

సింధు ఖాతాని ఆమె ఆ సాయంత్రం చెరపలేదు. అతడు దాన్ని తీస్తాడో లేదో తెలియాలంటే అది బతికి ఉండాలి.

ఆదివారం పొద్దున చర్చి నిండింది. ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో తల్లి సామ్రాజ్యం పక్కన కూర్చుంది ఎవాంజెలిన్. సామ్రాజ్యం అంగన్‌వాడీ టీచరు. కూతురు బైబిలు మధ్యలో ఫోను పెట్టుకోవడం చూసి, గుసగుసగా మందలించింది.

“దేవుని సన్నిధిలో కూడా ఆ పెట్టె వదలవా? ఇంకో గంటలో మూడో ప్రకటన అయిపోతే సగం పెళ్లయినట్టే. ముఖం కొంచెం నవ్వుగా పెట్టు, అందరూ చూస్తా ఉండారు.”

ఎవాంజెలిన్ ముందు తన ఖాతాలోంచి అతడి అంకె చూసింది. నిన్న తను నొక్కడం ఆపినప్పుడు 1,874. ఇప్పుడు 1,866. అంటే బ్లాకు వదిలింది. పొద్దున లేచి ఎనిమిదిమందిని తీశాడు. తర్వాత సింధు ఖాతాలోకి వెళ్లింది. సింధుని ఫాలో అయ్యేవాళ్లు నిన్నటిదాకా తొమ్మిదిమంది.

ఇవాళా తొమ్మిదిమందే. సుశీల్ అక్కడే ఉన్నాడు.

ఎనిమిదిమందిని తీయడానికి వేలు ఆడింది. ఈ ఒక్కదాని మీదికి రాలేదు. ఎవాంజెలిన్ తలెత్తి చూసింది. వేదిక పక్కన కీబోర్డు ముందు సుశీల్ తెల్ల చొక్కాలో కూర్చుని ఉన్నాడు. పాటల చరణాలు చూసుకోవడానికి ఫోను ఎప్పుడూ కీబోర్డు మీదే నిలబెట్టుకుంటాడు. పాట అయిపోయింది. అందరూ కూర్చున్నారు. పాస్టరు అబ్రహాము గారు కళ్లజోడు సర్దుకుంటూ కాగితం కోసం బైబిలు తిరగేస్తున్నారు. సుశీల్ రెండు చేతులూ ఫోను మీదికి వెళ్లాయి.

తీస్తున్నాడు అనుకుంది. చివరి నిమిషంలోనైనా తీస్తున్నాడు, నా బంగారం, అనుకుంది.

ఆమె చేతిలో బైబిలు మధ్య వెలుగు వచ్చింది. సింధుకి ఉత్తరం.

‘వాణీ, నువ్వేనని మొదటి రోజే తెలిసింది. ఆ పసుపు గొడుగు నేను కొనిచ్చిందే. వాకాడు అని చెప్పినాక ఇంక అనుమానం లేదు. వేరే పేరు ఎందుకు పెట్టుకున్నావో అడగను. అందరినీ తీసేశా, నిన్ను తీయలేకపోయా. ఇంకాసేపట్లో నా పెళ్లి మూడో ప్రకటన చదువుతారు. నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట రాయి. నేనే లేచి నిలబడతా.’

ఎవాంజెలిన్ దాన్ని రెండోసారి చదవలేదు. ఒక్కసారికే ప్రతి అక్షరమూ దిగింది. సూది కోసం వెతికినట్టు రెండువేల ఎనిమిది వందల మందిలో వెతికింది తను. అందులో లేనిదాన్ని, తన ఫోనులోని ఫోటోలో తన వెనకాల నిలబడ్డదాన్ని, తన చేతులతోనే తెచ్చి అతడి ముందు పెట్టింది. వలేసింది తనే, ఆ వలలోకి చేపని తెచ్చి వేసింది కూడా తనే.

ఉత్తరం చూసినట్టు అతడి ఫోనులో గుర్తు పడి ఉంటుంది. సుశీల్ ఫోను వంక వంగి, తర్వాత తలెత్తి, తలుపు వైపు చూశాడు. మూడో బెంచీ వైపు కాదు, తలుపు వైపు.

“సుశీల్ కుమార్, ఎవాంజెలిన్ అనువారికి పరిశుద్ధ వివాహము జరుపుటకు ఇది మూడవదియు చివరిదియునగు ప్రకటన,” అని మొదలుపెట్టారు అబ్రహాము గారు.

ఆమె బొటనవేలు తెర మీదే ఉంది. ‘చేసుకో’ అని ఒక్క మాట రాస్తే చాలు. వాణి చెప్పిందనుకుని చేసుకుంటాడు. మంచివాడే, బతుకంతా మంచిగానే చూసుకుంటాడు. కాని ఇంకొకతె సెలవిస్తే తన దగ్గరికి వచ్చిన మొగుడు అవుతాడు. కడుపులో ఆ నిప్పు పెట్టుకుని అతడి పక్కన అన్నం తినాలి, నిద్రపోవాలి. ‘వద్దు’ అని రాస్తే, ఇంతమంది ముందు అతడే లేచి తనని వదిలేస్తాడు. ఏమీ రాయకపోతే, ఆ తలుపు వంక చూస్తూ చూస్తూ తన మెడలో తాళి కడతాడు. మూడింటిలోనూ గెలిచేది ఆ పసుపు గొడుగే.

“...ఈ వివాహమునకు ఎవరికైనను తగిన అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను.”

అబ్రహాము గారు అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగి కాగితం మడవబోయారు. బెంచీ కిర్రుమంది. సామ్రాజ్యం కూతురి కొంగు పట్టుకుని లాగబోయింది, అందలేదు. ఎవాంజెలిన్ లేచి నిలబడింది.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇంకా తలుపు వైపే చూస్తున్న సుశీల్ అందరికంటే ఆఖరున తిరిగాడు.

“ఏమ్మా,” అన్నారు అబ్రహాము గారు, పెళ్లికూతురే లేవడం ఆయన ముప్పై ఏళ్ల సేవలో ఎన్నడూ చూడలేదు. “నీకు అభ్యంతరమా?”

“నాది కాదు పాస్టరు గారూ,” అంది ఎవాంజెలిన్. చేతిలో ఫోను పైకెత్తింది. “వాకాడు వాణిది.”

సుశీల్ మోచేతులు కీబోర్డు మీద పడ్డాయి. చెయ్యి తీయాలని తోచక, ఆ మోత అలా మోగుతుండగానే, అతడు తన ఫోను వంకా ఎవాంజెలిన్ చేతిలో వెలుగుతున్న ఫోను వంకా చూశాడు.